మతి తప్పిన వేళ మాట దురుసు

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నారు పెద్దలు. మరి జీవితమంతా నోరు మంచిగా ఉంచుకొని బతికిన మనిషి, డెబ్బై ఏళ్ళు దాటాక కొడుకునూ కోడలినీ పట్టుకొని దొంగలని తిడుతుంటే ఏమనుకోవాలి? వీధిలో సగంమంది "ముసలి చాదస్తం" అంటారు. మిగతా సగంమంది "కోడలు సరిగ్గా చూడటం లేదేమో" అంటారు. ఈ రెండు మాటలూ తప్పే. ఇది డిమెన్షియా అనే జబ్బు కావచ్చు. చీరాలలో మా ఇంట్లో నాయనమ్మకు ఈ జబ్బు వచ్చి నాలుగేళ్ళయింది. చదివిందీ, డాక్టర్లు చెప్పిందీ, కళ్ళారా చూసిందీ కలిపి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

డిమెన్షియా ఒక్క జబ్బు కాదు, మెదడు క్రమంగా దెబ్బతినే అనేక జబ్బులకు ఉమ్మడి పేరు. వాటిలో ముఖ్యమైనది ఆల్జీమర్స్. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు అగస్టే డేటర్ అనే 51 ఏళ్ళ ఆమెను పరీక్షించాడు. ఆమెలో మొట్టమొదట బయటపడినది మతిమరుపు కాదు, భర్త మీద అనుమానం! 1906లో ఆమె మరణించాక మెదడును పరిశీలించి, ఆ సంవత్సరమే ఆ జబ్బు సంగతి లోకానికి చెప్పాడు. అంటే అనుమానం, నింద అనేవి ఈ జబ్బు మొదటి కథలోనే ఉన్నాయన్నమాట. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి గొడవా కాదు.

ఇంతకీ ఈ తిట్లు ఎందుకు వస్తాయి? కొత్త జ్ఞాపకాలను దాచుకొనే భాగం మెదడులో ముందుగా చెడుతుంది. నుదుటి వెనుక ఉండే భాగం నోటికి కళ్ళెం లాంటిది, అదీ సడలుతుంది. మా నాయనమ్మ గొలుసు తీసి దిండు గలీబులో దాస్తుంది. దాచిన సంగతి పది నిమిషాల్లో చెరిగిపోతుంది. మెడ తడుముకొంటే గొలుసు లేదు. తాను దాచినట్టు గుర్తు లేదు. ఇక ఆవిడకు తోచే సమాధానం ఒక్కటే – ఎవరో తీశారు! ఎవరు? రోజంతా పక్కన ఉండేది మా అమ్మే కదా. ఎవరు ఎక్కువ చాకిరీ చేస్తారో వారికే ఎక్కువ తిట్లు పడటంలోని కిటుకు ఇదే.

అందుచేత ఇక్కడ వాదన పనిచేయదు. "మీరే దాచారు" అని రుజువు చేసినా, ఆ రుజువు నిలిచేందుకు అక్కడ చోటు లేదు. మా అమ్మ ఇలా అంటుంది: "గొలుసు కనపడలేదా అత్తయ్యా? కంగారుగానే ఉంటుంది. రండి, ఇద్దరం వెతుకుదాం." నేరం ఒప్పుకోవడం లేదు, ఖండించడమూ లేదు, ఆ కంగారుకు తోడు నిలబడుతోంది, అంతే.

తిట్టు వెనక ఏముందో కూడా చూడాలి. ఆకలి, దాహం, మలబద్ధకం, కీళ్ళ నొప్పి, చెవుడు, టీవీ మోత – నోటితో చెప్పుకోలేని ఏ బాధైనా కోపంగా బయటపడుతుంది. చాలామందికి పొద్దువాలే వేళ చిరాకు ఎక్కువవుతుంది. అందుకే నాలుగు గంటలకే మా అమ్మ దీపాలు వేసి, రాట్నం ముందు పెట్టి, "కండెలు చుట్టాలి అత్తయ్యా" అంటుంది. మగ్గాల ఇంట పుట్టిన చేతులు కదా, మతి మరిచినా పని మరవలేదు. నూలు చిక్కుపడుతుంది, పడనివ్వండి! కొన్ని రోజులు రాట్నాన్నీ తోసేస్తుంది. అప్పుడు పక్క గదిలోకి వెళ్ళి, పది నిమిషాలాగి, వేరే కబురుతో రావడమే మార్గం.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారితే మాత్రం ఆలస్యం చేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటివి ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలో, మత్తుమందులో వేయడం ప్రమాదం. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు ఈ జబ్బున్న వృద్ధులలో పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. అవసరమా కాదా అన్నది డాక్టరే తేల్చాలి.

ఇక చూసుకొనేవారి సంగతి. తిట్టేది జబ్బేనని బుద్ధికి తెలిసినా, "దొంగదానా" అన్న మాట చెవిన పడితే మనసు చివుక్కుమనకుండా ఉండదు. అందుకని కాలేజీ నుంచి రాగానే రెండు గంటలు నాయనమ్మ దగ్గర నేను కూర్చుంటాను. ఆ రెండు గంటలూ అమ్మవి. గుడికి వెళ్తుందో, ఊరికే నడుం వాలుస్తుందో ఆమె ఇష్టం. ఇరుగుపొరుగు వారికి జబ్బు సంగతి దాచకుండా చెప్పేశాం. చాటుమాటు గుసగుసలు తగ్గాయి. సలహా కావాలంటే వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది.

దూరాన ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులకు ఒక్క మనవి. ఫోనులో మీ అమ్మ "నాకు అన్నం పెట్టడం లేదురా" అని ఏడవవచ్చు. ఆ ఏడుపు నిజం. ఆ మాట నిజం కాకపోవచ్చు. అలాగని కొట్టిపారేయమనీ చెప్పను, ఎందుకంటే నిజంగా నిర్లక్ష్యానికి గురయ్యే వృద్ధులూ ఉన్నారు. వదిననో, మరదలినో ఫోనులోనే నిలదీయకండి. వారం రోజులు సెలవు పెట్టి వచ్చి, ఆ ఇంట్లో ఉండి, ఆ చాకిరీలో పాలు పంచుకోండి. నిజమేమిటో మీకే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ ఒంటరిగా మాటలు పడినవారికి అంతకు మించిన ఓదార్పు ఉండదు.