'డినామినేట్' అనే క్రియ

'డినామినేట్' అనే ఇంగ్లీషు మాటను 'పేరు పెట్టు' అని తెలుగు చేస్తే సగం అర్థమే వస్తుంది. బిడ్డకు తల్లి పేరు పెడుతుంది; అక్కడ ఈ క్రియకు పనిలేదు. ఒక వర్గాన్నో విలువనో ఫలానా పేరు కింద చేర్చి, ఇకమీదట లెక్కల్లో, కాగితాల్లో అదే పేరుతో చలామణి చేయడం దీని అసలు అర్థం. అందుకే నోటు మీది విలువా, క్రైస్తవ శాఖా (నల్లగొండ బాప్టిస్టులు, పాలమూరు మెన్నొనైట్ బ్రదరెన్) రెండూ 'డినామినేషన్'లే.

మూలం లాటిన్. 'నోమెన్' అంటే పేరు. సంస్కృత 'నామన్', ఇంగ్లీషు 'నేమ్' దాని తోబుట్టువులు. మన 'పేరు' వేరే ఇంటిది, తమిళ 'పెయర్', కన్నడ 'హెసరు' దాని చుట్టాలు. ముందున్న 'డి'కి 'నుంచి' అని ఒక అర్థం. నామధాతువును ఇంగ్లీషులో 'డినామినేటివ్' అంటారు: నామం నుంచి పుట్టిన క్రియ.

పేరు ఎవరి నుంచి వస్తున్నది? నా ప్రశ్న ఇది. నల్లగొండ పూర్వనామం నీలగిరి అంటారు. రెండింటికీ అర్థం ఒకటే కనుక అక్కడ మారింది భాష మాత్రమే. పాలమూరు సంగతి అలా కాదు. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేర అది మహబూబ్‌నగర్ అయింది. జనం నోట మాత్రం పాలమూరు పోలేదు.

ఆ పాత పేరే కూలీలకు అంటుకున్నది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి దేశంలోని డ్యాములకూ కాలువలకూ మట్టి మోసినవాళ్లు 'పాలమూరు లేబర్' అయ్యారు. ఇది కంట్రాక్టర్ల డినామినేషన్. 'లేబర్' అన్న మాటలో కూలి వినిపిస్తుంది, అప్పు వినిపించదు. దాని సౌకర్యమంతా అందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా పేర్లు పెట్టే పనే చేసింది. దేశమంతటి వెట్టి పద్ధతులను పేరుపేరునా రాసింది: మనకు తెలిసిన భగేలా, జీత, పాలేరు, వెట్టి అందులో ఉన్నాయి. 'పాలమూరు లేబర్' లేదు. ఆ జాబితా ఉదాహరణలకే పరిమితమని న్యాయవాదులు అనవచ్చు, నిజమే. అయినా సందేహం మిగిలింది. అది తీర్చడానికి 1985లో ఒక వివరణ చేర్చవలసి వచ్చింది: పనివాడు కంట్రాక్టు కూలీ అయినా, అంతర్రాష్ట్ర వలస కూలీ అయినా, అప్పుకు కట్టుబడి బలవంతాన చేసే పని వెట్టిచాకిరీయేనని.