ఫ్రీజర్‌లో మంచు ఎటు పోతుంది?

ఆషాఢం చివర్లో లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళి అమ్మవారికి బోనాలంటే పాతబస్తీ ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి. ఆదివారం బోనం, మర్నాడు ఘటాల ఊరేగింపు. యాటను కోసిన ఇంట్లో వండగా మిగిలిన మాంసం ఫ్రీజర్‌కు చేరుతుంది. పైగా అది వానాకాలం. తలుపు తీసిన ప్రతిసారీ తేమగాలి లోపలికి చొరబడుతుంది.

హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు వాడిన తరానికి ఆ తేమ ఏమవుతుందో బాగా తెలుసు. డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో చల్లబరిచే గొట్టాలు ఫ్రీజర్ గోడలకే అంటుకుని ఉంటాయి కాబట్టి మంచు అక్కడే పేరుకుంటుంది. పొర మందమయ్యేకొద్దీ చల్లదనం లోపలికి అందదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, జాగా తగ్గుతుంది. ఓపిక లేక చాకుతో గీకితే గొట్టానికి చిల్లుపడి గ్యాస్ పోవచ్చు.

ఫ్రాస్ట్ ఫ్రీలోనూ మంచు పడుతుంది, కంటికి కనబడదంతే. గొట్టాలు వెనక పలక చాటున ఉంటాయి. ఫ్యాన్ వాటి మీదుగా గాలిని తిప్పుతుంది. కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, చిన్న హీటర్ ఆ మంచును కరిగిస్తుంది. నీరు కింద కంప్రెసర్ దగ్గరున్న పళ్లెంలోకి జారి ఆవిరైపోతుంది. గోడలు గీకే చాకిరీ తప్పించిన చక్కని ఉపాయమిది. చల్లదనం అన్ని మూలలకూ సమానంగా అందుతుంది కూడా.

అయితే ఆ పొడిగాలి మాంసంలోని తేమనూ లాగేస్తుంది. మూత లేకుండా పెట్టిన ముక్కల్లోని మంచు నేరుగా ఆవిరై, అవి తెల్లబారి పీచులా తయారవుతాయి. తింటే ప్రమాదం లేదు, రుచి మాత్రం పోతుంది. హీటర్ పనిచేసినప్పుడల్లా ఉష్ణోగ్రత కాస్త పెరిగి తగ్గుతుంది. అందుకే ఐస్‌క్రీమ్‌లో పలుకులు తగులుతాయి. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఎంజైములను ఇలాంటి ఫ్రీజర్లలో పెట్టకపోవడానికీ కారణం అదే. హీటర్, ఫ్యాన్, సెన్సర్ అంటూ చెడిపోయే భాగాలూ ఎక్కువే. నీటి దారి మూసుకుపోతే అడుగున నీళ్లు నిలుస్తాయి.

కొనేముందు స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో చూసి, అంతే లీటర్ల మోడళ్లతో పోల్చాలి. పాల ప్యాకెట్లు, ఐస్ ముక్కలతో సరిపోయే చిన్న ఇంటికి డైరెక్ట్ కూల్ చాలు. పండుగకూ పబ్బానికీ ఇల్లు నిండే కుటుంబానికి ఫ్రాస్ట్ ఫ్రీయే మేలు. ఒక్క షరతు: మాంసాన్ని పూటకు సరిపడా చిన్న పొట్లాలుగా చేసి, గాలి చొరకుండా బిగించి, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచండి. ఒకసారి బయట కరిగిన పొట్లాన్ని మళ్లీ లోపల పెట్టకండి.