తెర ముందు ఒక్కరు.. తెర వెనుక పదిమంది!

పండగ రాత్రి. కొబ్బరితోటల మధ్య గుడి ముందు స్టేజీ. హరిశ్చంద్రుడు కాటిసీనులో పద్యం ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే మైకు గుయ్‌మంది. మూలన కూర్చున్న కుర్రాడు క్షణంలో సరిచేశాడు. పద్యం ఆగలేదు. చప్పట్లన్నీ హరిశ్చంద్రుడికే పడ్డాయి. ఆ కుర్రాడి పేరు ఎవరూ అడగలేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పుట్టి పెరిగినవాళ్లయితే ఇలాంటి రాత్రి మీకు కొత్తేం కాదు. ఈసారి మాత్రం హరిశ్చంద్రుణ్ని వదిలేసి ఆ కుర్రాడి వైపు చూడండి. ఇంటర్వ్యూలో ‘అనుభవం ఉందా?’ అనగానే నీళ్లు నమిలే ఫ్రెషర్లకు అతని దగ్గర ఓ జవాబుంది.

ఎవరేం చేస్తారు?

ఊరి నాటకానికి ఆఫీసు ఉండదు, హెచ్‌ఆర్ ఉండదు. అయినా పనులు పక్కాగా పంచుకుంటారు.

నిర్వాహకుడు: చందా రసీదు పుస్తకం నుంచి కళాకారుల భోజనాల దాకా ఆయనదే పూచీ. లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిషేధం ఉంటుంది. పండగ రోజుల్లో ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అది అర్ధరాత్రి వరకే. కాబట్టి పర్మిషన్ ఎప్పుడు తీసుకోవాలి, నాటకం ఎన్నింటికి మొదలుపెట్టాలి అన్నది ముందే లెక్కేసుకోవాలి. ఈవెంట్ మేనేజర్ చేసేది అచ్చంగా ఇదే.

దర్శకుడు: పగలు షాపు, పొలం, బడి పనుల్లో ఉండేవాళ్లను రాత్రి రిహార్సల్‌కు రప్పించాలి. జీతం ఇవ్వకుండా పదిమందితో పని చేయించడం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి!

ప్రాంప్టర్: పుస్తకం పట్టుకుని తెర పక్కన నిలబడతాడు. నటుడు మాట మరిచిపోకముందే అందించాలి. మిగతావాళ్లు నాటకం చూస్తుంటే, అతను నటుడి ముఖం చూస్తుంటాడు.

రంగాలంకరణ, లైటింగ్, మేకప్: పరిషత్తు పోటీల్లో ఒక నాటిక అవగానే మరొకటి. ఉన్న కొద్ది నిమిషాల్లోనే సెట్టు విప్పాలి, కొత్తది నిలబెట్టాలి. విగ్రహాల తయారీకి పేరున్న కొత్తపేట లాంటి చోట చేతిపని తెలిసినవాళ్లకు కొదవా?

సంగీతం: పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణం. సాంఘిక నాటికకైతే ల్యాప్‌టాప్‌లో సౌండ్ ట్రాక్ సమయానికి వదిలే మనిషి కావాలి. ఇక్కడ మీ తరానిదే పైచేయి.

ముందు నడిచినవాళ్లు

ఇది మన గోదావరికి కొత్త కాదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనల్లో తొలిదిగా చెప్పే ఆ నాటకాన్ని ఆడింది ఆయన విద్యార్థులే. అంటే మీలాంటివాళ్లే! ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నాటకాలు తరతరాలుగా కుటుంబాల చేతుల్లోనే నడుస్తున్నాయి. ఈ సీనులో వేషం కట్టినవాళ్లు తర్వాతి సీనులో తాళ్లు లాగుతారు. ‘మాయాబజార్’లో మాయలన్నీ అలా తెర వెనుక చేతులు చేసేవే.

కర్ణాటకలో హెగ్గోడు మన ఊళ్లలాంటి పల్లెటూరే. కాకపోతే అక్కడ పోకతోటలు. 1949లో అక్కడ పుట్టిన నీనాసం అనే సంస్థ, 1980లో ఏకంగా నాటక శిక్షణ కేంద్రాన్నే పెట్టింది. దాన్ని నడిపించిన కె.వి. సుబ్బణ్ణకు 1991లో రామన్ మెగసెసే అవార్డు దక్కింది.

చదువుకోవాలంటే..

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ చేయొచ్చు. దిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాది మూడేళ్ల కోర్సు, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. కానీ కనీసం 6 నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతుంటారు. మరి ఆ ఆరూ ఎక్కడ దొరుకుతాయి? మీ కాలేజీలో, మీ ఊరి గుడి ముందు! దరఖాస్తుకు ముందు తాజా నోటిఫికేషన్‌లో అర్హతలు, వయసు చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ నంది నాటకోత్సవాల్లో కళాశాల, విశ్వవిద్యాలయ యువతకు ప్రత్యేక విభాగం ఉందన్న సంగతీ గుర్తుపెట్టుకోండి.

డబ్బుల మాటేమిటి?

నిజం చెప్పుకొందాం. ఊరి నాటకం నెల జీతం ఇవ్వదు. పేరున్న పద్యనాటక కళాకారులకు కూడా సీజన్ ఉన్నన్నాళ్లే సందడి. ‘మావాడు నాటకాలంటూ తిరుగుతున్నాడండీ’ అని ఇంట్లోవాళ్లు బెంగపడితే తప్పు వాళ్లది కాదు. అందుకే ఉద్యోగ ప్రయత్నం ఆపొద్దు. బ్యాంకు పరీక్షకు చదువుతూనే వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే చాలు. అక్కడ నేర్చిన పని టీవీ ఛానెళ్లు, ఈవెంట్ సంస్థలు, ప్రకటనల షూటింగ్‌లు, స్కూలు పిల్లల నాటక తరగతుల్లో పనికొస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

* మీ ఊళ్లో పండగ కమిటీ పెద్దలను కలవండి. ‘వేషం ఇస్తారా?’ అని కాకుండా ‘ఏం పని ఉందండీ?’ అని అడగండి. ‘ఆయ్.. రండి’ అంటారు!

* ఒక సీజన్‌కు ఒకే పని పట్టుకోండి. లైటింగ్ అయితే లైటింగే, లెక్కలైతే లెక్కలే.

* తేదీ, నాటకం పేరు, మీ బాధ్యత, ఖర్చు, వచ్చిన ఇబ్బంది, దాన్ని ఎలా దాటారు.. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫొటోలు దాచుకోండి.

* రెజ్యూమెలో ‘నాటకాలంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఎంతమంది బృందం, ఎంత బడ్జెట్, ఎన్ని రోజులు, అందులో మీరు చేసిందేమిటో రాయండి.

రేపు ఇంటర్వ్యూలో ‘ఒత్తిడిలో పనిచేశారా?’ అని అడిగితే మైకు గుయ్‌మన్న ఆ రాత్రి గురించి చెప్పండి. ఊరంతా చూస్తుండగా పద్యం ఆగకుండా చూసుకున్నవాళ్లకు ఆ ప్రశ్న ఏపాటిది?