ఆహార సంకలితాలలో నానోరేణువులు - భద్రత: పటాన్‌చెరు ఉదంతం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆహారానికి తెల్లదనం కోసం, పొడులు గడ్డకట్టకుండా ఉండటం కోసం కలిపే కొన్ని సంకలితాలలో నానోరేణువులు ఉంటాయి. పదార్థం పేరు, బరువు మాత్రమే చూసి వాటి భద్రతను నిర్ణయించడం చాలదని, రేణువు పరిమాణాన్నీ కొలవాలని ఈ వ్యాసం వివరిస్తుంది. కొలవనిది నిబంధనల దృష్టికి రాదన్న విషయాన్ని పటాన్‌చెరు వ్యర్థజలాల ఉదంతంతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నానోరేణువులు, ఆహార సంకలితాలు, టైటానియం డయాక్సైడ్, పటాన్‌చెరు, ఆహార భద్రత.

1. ప్రవేశిక:
సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాలు ఔషధ పరిశ్రమకు పేరుపొందాయి. మాత్రల పైపూతకు తెలుపునివ్వడానికి ఔషధరంగం విరివిగా వాడే పదార్థం టైటానియం డయాక్సైడ్. ఇదే చూయింగ్ గమ్, మిఠాయిల పైపూత వంటి వాటిలో ఐ.ఎన్.ఎస్. 171 అనే సంఖ్యతో ఆహారంలోనూ చేరుతుంది. పొడులు గడ్డకట్టకుండా కలిపే సిలికాన్ డయాక్సైడ్ సంఖ్య 551. ఈ సంఖ్యలు పదార్థమేదో చెబుతాయి గాని, అందులోని రేణువులు ఎంత చిన్నవో చెప్పవు.

2. పరిమాణం - ప్రభావం:
నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్యనున్న వాటిని నానోరేణువులంటారు. ఒక మైక్రోమీటరు భుజం గల ఘనాన్ని 100 నానోమీటర్ల భుజం గల ఘనాలుగా విడగొడితే 1000 ముక్కలవుతాయి. బరువు మారదు, కాని మొత్తం ఉపరితలం 10 రెట్లవుతుంది. రేణువు చుట్టూ ఉన్న కణాలతో జరిపే చర్యకు ఉపరితలమే వేదిక కనుక, ఒకే బరువుగల పొడి రెండు విధాలుగా ప్రవర్తించవచ్చు.

అయితే నానో అయినంత మాత్రాన ఏదీ హానికరం కాదు. పాలలోని కేసీన్ కూడా అతిసూక్ష్మ రేణువుల రూపంలోనే ఉంటుంది, అది జీర్ణమైపోతుంది. టైటానియం డయాక్సైడ్ జీర్ణం కాదు. పేగు గోడను దాటేది స్వల్పభాగమే అయినా, అది దేహంలో పేరుకునే అవకాశముంది. అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది.

3. భిన్న నిర్ణయాలు:
ఫ్రాన్స్ 2020 జనవరి నుంచి ఆహారంలో ఈ పదార్థాన్ని నిలిపివేసింది. జన్యుపదార్థానికి హాని కలిగించదని నిర్ధారించలేమని, అందువల్ల దీనిని ఇకపై సురక్షితంగా పరిగణించలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021 మేలో ప్రకటించింది. 2022లో ఐరోపా సమాఖ్య దానిని ఆహారం నుంచి తొలగించింది; ఔషధాలకు మాత్రం ఈ నిషేధం వర్తించలేదు. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 2023లో ఇదే పదార్థాన్ని పరిశీలించి, రోజువారీ పరిమితి అవసరం లేదన్న పూర్వ నిర్ణయాన్నే కొనసాగించింది. భారతదేశంలో కొన్ని ఆహారాలలో దీనికి అనుమతి ఉంది. నానో ఆధారిత వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల మూల్యాంకనానికి కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు వెలువరించింది.

4. పటాన్‌చెరు ఉదంతం:
సుమారు 90 ఔషధ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. కొన్ని బాక్టీరియాలకు విషమయ్యే స్థాయికి ఇది వెయ్యి రెట్లకు పైబడినది. ఆమ్లత, ఆక్సిజన్ అవసరం వంటి సాధారణ పరీక్షలు మందుల అవశేషాలను విడిగా చూపవు. యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టు నాటి తుది నిబంధనలలో అవి లేవు.

యాంటీబయాటిక్‌లు, నానోరేణువులు ఒకటి కావు. కాని ప్రమాణాలలో లేని అంశం పరీక్షలోనూ కనిపించదన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

5. ముగింపు:
నిషేధమా, అనుమతా అన్న ప్రశ్నకు ముందు కొలత అవసరం. సంకలితంలో నానోరేణువుల వాటా ఎంతో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తెలుసుకోవచ్చు. ఉద్దేశపూర్వకంగా తయారుచేసిన నానో పదార్థం ఆహారంలో ఉంటే లేబుల్‌పై ఆ మాట ముద్రించాలన్న నియమం ఐరోపాలో 2014 డిసెంబరు నుంచి అమలులో ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. హైదరాబాద్, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. ఇటువంటి సంస్థల నైపుణ్యాన్ని ఈ కొలతకు వినియోగించి, ఫలితాలను ప్రజలకు అందుబాటులో ఉంచితే, తినేదేమిటో తెలుసుకునే హక్కు వినియోగదారునికి దక్కుతుంది.