నాన్నగారి సంచీ

మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరని తేలి, మూడు నెలలకొక హార్మోను ఇంజెక్షను ఇస్తున్నారు. పురుష హార్మోనే ఆ జబ్బుకు ఎరువు. అది అందకుండా చేస్తే జబ్బు అణుగుతుందని చార్లెస్ హగిన్స్ అనే షికాగో డాక్టరు 1941లో చూపాడు. 1966లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అయితే కండకూ, ఎముకకూ కూడా ఆ హార్మోనే ఆధారం. అది తగ్గేసరికి నాన్నగారికి ఒంట్లో ఆవిర్లు, నీరసం. నేను భక్తి కొద్దీ ఆయన్ని మంచం దిగనివ్వలేదు. కూరల సంచీ సైతం చేతిలోంచి లాక్కున్నాను. ఒకనాడు పీటమీంచి లేవలేక ఆయన నావంక చూసిన చూపు మరచిపోలేను.

డాక్టరుగారు నన్నే చీవాట్లు పెట్టారు. "మందు తీసే బలం కొంతైతే, మీరు తీసేది మరికొంతానండీ!" అని, ఎముకలు పరీక్ష చేయించి, వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు బరువులెత్తడం రాసిచ్చారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరం నడుస్తాం. ఇంటికొచ్చి, చేతులానించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తారు. నీళ్ల సీసాలు ఎత్తుతారు. ఆవిర్లు పోలేదు. కాని మొన్న బజారునుంచి వస్తూ సంచీ అందుకోబోతే, "నీ పుస్తకాలు నువ్వు మోసుకో, నాయనా!" అన్నారు.