చెక్కను అతికించే చెక్క: మొక్కల మాంసకృత్తులతో జిగురు

నూనె తీయగా మిగిలిన పిండినీ, కలపనూ మనము ‘చెక్క’ అనే పిలుస్తాము. ఈ రెండింటికీ పేరులోనే కాక పరిశ్రమలోనూ సంబంధమున్నది. నూనెగింజల చెక్కలోని మాంసకృత్తులు ప్లైవుడ్ పొరలను అతికించగలవు.

ఇది కొత్త ఆలోచన కాదు. సోయాచిక్కుడు పిండి జిగురుపై ఓటిస్ జాన్సన్ అమెరికాలో 1923లోనే పేటెంటు పొందారు. కొన్ని దశాబ్దాల పాటు అక్కడి ప్లైవుడ్ పరిశ్రమ దానిని విస్తృతంగా వాడింది. అనంతరం చౌకైన పెట్రోరసాయన జిగుర్లు దాని స్థానాన్ని ఆక్రమించాయి. అయితే వాటిలో ప్రధానమైన యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఈ వాయువును మానవులలో కేన్సర్ కారకంగా వర్గీకరించడంతో మొక్కల జిగుర్లపై మళ్ళీ ఆసక్తి పెరిగింది.

పనిచేసే విధానం

మాంసకృత్తు అణువు సహజంగా ముడుచుకొని ఉంటుంది. క్షారము కలిపినపుడు అది విప్పుకొని, కలపలోని సెల్యులోజుతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటుంది. తేమ తగిలితే ఈ బంధాలు సడలుతాయి. ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన కైచాంగ్ లీ, ఆల్చిప్పలు సముద్రపు నీటిలోనూ రాళ్ళను అంటిపెట్టుకొని ఉండే తీరును పరిశీలించి, ఈ లోపాన్ని సవరించే మార్గం కనుగొన్నారు. సోయాపిండికి పాలీఅమైడోఅమైన్-ఎపిక్లోరోహైడ్రిన్ రెసిన్ చేర్చి వేడితో నొక్కినపుడు, తేమకు తట్టుకొనే అడ్డుబంధాలు ఏర్పడతాయి. ఈ కృషికి 2007లో అమెరికా అధ్యక్షుని హరిత రసాయనశాస్త్ర పురస్కారం లభించింది.

మన పరిస్థితులలో

ఆదిలాబాద్ ప్రాంతంలో సోయాచిక్కుడు, రాయలసీమలో వేరుశనగ పండుతున్నాయి కనుక ముడిసరుకుకు లోటు లేదని భావించవచ్చు. కాని ప్రతి చెక్కకూ ఇదివరకే ఒక హక్కుదారు ఉన్నారు. వేరుశనగ చెక్క పాడిపశువుల దాణా. దానిని జిగురుకు మళ్ళిస్తే దాణా ఖర్చు పెరిగి పాడిరైతు నష్టపోవచ్చు. ఆముదపు చెక్క రిసిన్ విషము వలన దాణాకు పనికిరాదు కనుక జిగురుకు అనువుగా తోస్తుంది. అయితే అందులో సుమారు 4.3 శాతం నత్రజని ఉన్నందున రైతులు దానిని సేంద్రియ ఎరువుగా వాడుతున్నారు. జిగురు కోరే మాంసకృత్తులే నేలకు అందే నత్రజనికి మూలము. పైగా విషాన్ని తొలగించకుండా ఆ పిండిని కార్మికుల చేతికి ఇవ్వరాదు.

మరొక విషయము గమనార్హము. నూనె తీసేటపుడు వేడి ఎక్కువైతే మాంసకృత్తుల ద్రావణీయత తగ్గుతుంది. కనుక చెక్కలో మాంసకృత్తుల శాతాన్ని మాత్రమే కొలిచి జిగురుకు పనికివస్తుందని నిర్ణయించరాదు.

ఈ రంగంలో పరిశోధన చేయదలచిన విద్యార్థులు అతుకు బలముతో పాటు మరొక లెక్కను కూడా వేయాలి. ఒక కిలో చెక్క కర్మాగారానికి తరలితే పశువుకు, పొలానికి తగ్గే పోషకమెంత, దానిని భర్తీ చేయడానికి రైతుకు అయ్యే ఖర్చెంత అన్నది తేలాలి. ఆ లెక్క తేలిన తరువాతనే విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు సిఫారసు చేయడం సముచితము.