పడవకు మైనపు పూత ఎందుకు?

జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్టుకు వేసవిలో లారీలకొద్దీ మామిడికాయలు వస్తాయి. అప్పుడే తెంపిన కాయ ఒకటి చేతిలోకి తీసుకొని పరిశీలించండి. తోలుమీద సన్నని బూడిదరంగు పొర కనిపిస్తుంది. బొటనవేలితో రుద్దితే ఆ చోటు నున్నగా మెరుస్తుంది. అది దుమ్ము కాదు. కాయ తనకు తానే పూసుకొన్న మైనం! లోపలి నీరు త్వరగా ఆవిరై పోకుండా, పైన పడిన వాననీరు తోలుమీద నిలవకుండా ఆ పొర కాపాడుతుంది.

చెట్టు చేసే ఈ పనినే మనిషి పడవ విషయంలో చేస్తున్నాడు. ధర్మపురి దగ్గర గోదావరిలోనూ, సిరిసిల్ల జిల్లా మాన్వాడ వద్ద మానేరుపై కట్టిన మధ్యమానేరు జలాశయంలోనూ చేపలు పట్టేవారికి పడవే బతుకుతెరువు. పడవ పైపూత చెడితే మరమ్మతుకు డబ్బు కావాలి. మరమ్మతు పూర్తయ్యేదాకా వేట ఉండదు. మరి గోటితో గీరితే ఊడివచ్చే మైనం అంత పెద్ద పడవకు ఎలా రక్షణ ఇస్తుంది? ఎలాంటి మైనం పూయాలి? ఎలా పూయాలి? తెలుసుకొందాం.

నీటిబొట్టు ఎందుకు ఉండకడుతుంది?

శుభ్రంగా కడిగిన గాజుపలకమీద నీటిబొట్టు వేయండి. అది పరచుకొంటుంది. కొవ్వొత్తితో రుద్దిన పలకమీద వేయండి. అది ముత్యంలా నిలుస్తుంది. కారణం ఏమిటి?

నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొంటాయి. వీటిని సంసంజన బలాలు అంటారని మీరు చదువుకొన్నారు. నీటి అణువులకూ గాజుకూ మధ్య ఉండే ఆకర్షణను అసంజన బలం అంటారు. శుభ్రమైన గాజు నీటిని గట్టిగా ఆకర్షిస్తుంది. అందుకే నీరు పరచుకొంటుంది. కొవ్వొత్తి మైనంలో ఉండేవి కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల పొడవైన గొలుసులు. వాటికి నీటిపై ఆకర్షణ చాలా తక్కువ. అందువల్ల నీటి అణువులు తమలో తామే దగ్గరకు లాక్కొని బొట్టుగా మారతాయి.

బొట్టు అంచు పలకతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. నున్నని కొవ్వొత్తి మైనంమీద ఇది సుమారు 105 నుంచి 110 డిగ్రీలు. తామరాకుమీద 150 డిగ్రీలు దాటుతుంది. తామరాకుపై మైనం ఉండటమే కాదు, కంటికి కనపడని బుడిపెలు కూడా ఉంటాయి. బొట్టు ఆ బుడిపెల కొనలమీదే నిలిచి, దొర్లిపోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతుంది. ఈ సంగతిని జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్త్‌లాట్, తన సహచరుడితో కలిసి 1997లో వివరంగా ప్రచురించాడు.

పడవకు శత్రువులెవరు?

నీటిలో ఉండే వస్తువుకు నీరే శత్రువు అనుకొంటాం. ఫైబర్ పడవకు ఎండ కూడా అంతటి శత్రువే.

ఫైబర్ పడవ అంటే సన్నని గాజుపోగులను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, అచ్చులో గట్టిపరచినది. దానిపైన రంగుతో మెరిసే పొరను జెల్‌కోట్ అంటారు. దీని మందం సుమారు అర మిల్లీమీటరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ పొరలోని రసాయన బంధాలను తెంచుతాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన చోట చేరుతుంది. కొన్నేళ్లకు మెరుపు పోతుంది. అరచేతితో రుద్దితే నల్లబల్లమీది సుద్దపొడి అంటినట్టు తెల్లగా అంటుతుంది. అలా గరుకైన చోట మురికి, నాచు సులభంగా పట్టుకొంటాయి.

మైనం ఇక్కడ ఏం చేస్తుంది? అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపే శక్తి మామూలు మైనానికి లేదు. కాని నీరు, మురికి, గాలి నేరుగా జెల్‌కోట్‌ను తాకకుండా అడ్డుగా నిలుస్తుంది. రాపిడికి ముందు తాను అరుగుతుంది. మైనం అరిగితే మళ్లీ పూయవచ్చు. జెల్‌కోట్ అరిగితే మళ్లీ పూయడం ఖర్చుతో కూడిన పని.

కొయ్య పడవ సంగతి వేరు. కొయ్య నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకొంటుంది. తేమ ఎక్కువైతే శిలీంధ్రాలు చేరి కుళ్లిపోతుంది. పూర్వం పలకల సందులను గుగ్గిలం, నూనె కలిపిన ముద్దతో పూడ్చేవారు. తారు పూసేవారు. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకొని గట్టి పొరగా మారుతుంది. మైనం అలా మారదు. కనుక పచ్చి కొయ్యకు మైనం ఒక్కటే చాలదు. ముందు నూనె, రంగు లేదా వార్నిష్ పట్టించి, బాగా ఆరిన తరువాతే పైన మైనం పూయాలి.

ఏ మైనం మంచిది?

మైనాన్ని ఎంచుకొనేటప్పుడు ముఖ్యంగా చూడవలసినది దాని ద్రవీభవన స్థానం. కొవ్వొత్తుల్లో వాడే పారఫిన్ మైనం దాదాపు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులమీద దొరికే కార్నబా మైనం 82 నుంచి 86 డిగ్రీలదాకా కరగదు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో మే నెలలో గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉన్నాయి. ఆ ఎండలో ముదురురంగు పడవ పైభాగం 60 డిగ్రీలకు మించి కాగగలదు. అప్పుడు పారఫిన్ మెత్తబడి జిడ్డవుతుంది. ఆ జిడ్డుకు దుమ్ము అంటుతుంది. కార్నబా గట్టిగానే ఉంటుంది. కాని అది మరీ పెళుసు, పూయడం కష్టం. అందుకే దానికి మెత్తని మైనాలు, త్వరగా ఆవిరయ్యే ద్రావణి కలిపి ముద్దగా చేసి డబ్బాల్లో అమ్ముతారు. డబ్బామీద 'క్లీనర్ వ్యాక్స్' అని ఉంటే అందులో అరగదీసే పొడి కూడా ఉంటుంది. కొత్త పడవకు దాని అవసరం లేదు.

పూసే పద్ధతి

మొదట పరీక్ష. పడవను ఒడ్డుకు చేర్చి, చిన్న పగుళ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూడాలి. మైనం చిల్లును పూడ్చదు, పగులును అతకదు. మెరుపు ఇచ్చి దాన్ని కనపడకుండా చేస్తుంది. ఇది ప్రాణాలకే ముప్పు. కనుక మరమ్మతు ముందు, మైనం తరువాత. ఈ వరుసకు మరో కారణం కూడా ఉంది. మైనం పట్టిన చోట రెజిన్ గాని, రంగు గాని అంటదు.

ఈ అంటని గుణాన్నే పడవ తయారీలో ఉపయోగించుకొంటారు. రెజిన్ పోసేముందు అచ్చుకు మైనం రుద్దుతారు. అందువల్లే పడవ అచ్చునుంచి సులభంగా విడివడుతుంది. సిరిసిల్ల మగ్గాల విషయంలోనూ ఇదే సూత్రం. పడుగు దారాలు రాపిడికి తెగకుండా గంజిలో కొంచెం మైనంవంటి పదార్థం కలుపుతారు. గుడ్డకు రంగు అద్దేముందు దాన్ని కడిగి తీసివేయాలి. లేకపోతే రంగు సమానంగా పట్టదు.

పరీక్ష అయ్యాక సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ సబ్బునీరు జలాశయంలోకి పోకుండా ఒడ్డుకు దూరంగా కడగడం మంచిది. పైపొర సుద్దలా పొడి రాలుతుంటే, రుద్దే పేస్టుతో ఆ పొడిపొరను తీసివేయాలి. అయితే జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరే కనుక ఇది తరచుగా చేయకూడదు.

తరువాత నీడలో, చల్లని వేళ, మెత్తని గుడ్డతో కొంచెం మైనం తీసుకొని మూరెడు మేర మాత్రమే పలుచగా పూయాలి. ఎండలో పూస్తే ద్రావణి వెంటనే ఆవిరై, మైనం చారలుగా గట్టిపడుతుంది. పూసిన చోట మసక తెలుపు రాగానే శుభ్రమైన వేరే గుడ్డతో తుడవాలి. తరువాత పక్క భాగానికి పోవాలి.

మందంగా పూస్తే ఎక్కువ రక్షణ ఉంటుందా? లెక్క వేద్దాం. పడవ పొడవు 5 మీటర్లు, పక్కల ఎత్తు 0.6 మీటరు అనుకోండి. రెండు పక్కల వైశాల్యం 6 చదరపు మీటర్లు. మైనపు పొర మందం ఒక మైక్రాన్, అంటే మీటరులో పదిలక్షలవ వంతు అనుకొంటే, కావలసిన మైనం 6 ఘన సెంటీమీటర్లు. దాని బరువు 6 గ్రాములకు మించదు! తుడిచాక మిగిలేది ఇలాంటి పలుచని పొరే. ఎక్కువ పూసినదంతా గుడ్డకే పోతుంది.

ఎక్కడ పూయరాదు?

మనుషులు నిలబడే అడుగుపలకలకు, ఎక్కే దిగే అంచులకు మైనం పూయరాదు. మైనం ఘర్షణను తగ్గిస్తుంది. తడికాలు జారితే మనిషి నీటిలో పడతాడు. గరుకుగా చేసిన చోటును గరుకుగానే ఉండనివ్వాలి. తెడ్డు పిడి విషయమూ అంతే.

ఇంకొక జాగ్రత్త. మైనాన్ని, ద్రావణి కలిపిన ముద్దను మంటమీద వేడి చేయరాదు. వాటి ఆవిరి భగ్గున అంటుకొంటుంది. మైనం మంటమీద నీళ్లు చల్లితే మంట ఎగజిమ్ముతుంది.

మీరే చేసి చూడండి

ఒకే కొలతగల మూడు చెక్కముక్కలు తీసుకోండి. ఒకదానిని అలాగే వదలండి. రెండవదానికి కొవ్వొత్తి బాగా రుద్దండి. మూడవదానికి రంగు వేసి, ఆరిన తరువాత కొవ్వొత్తి రుద్దండి. మూడింటినీ తూచి, బకెట్ నీటిలో ఒక రోజు ముంచి ఉంచండి. బయటకు తీసి, తుడిచి మళ్లీ తూచండి. ఏది ఎంత నీరు పీల్చిందో పట్టికలో రాయండి. తరువాత వాటిని వారం రోజులు ఎండలో ఉంచి, మళ్లీ నీటిబొట్టు వేసి చూడండి. బొట్టు ఇంకా ఉండగానే నిలుస్తున్నదా, పరచుకొంటున్నదా?

పడవవారికి పనికివచ్చే పరీక్ష కూడా ఇదే. పడవ పక్కమీద నీళ్లు చల్లినప్పుడు బొట్లు గుండ్రంగా నిలిచినంత కాలం మైనం ఉన్నట్టు. పరచుకొన్నాయంటే పూత అరిగిందని, మళ్లీ పూయవలసిన వేళ వచ్చిందని అర్థం.